ఒమర్ సీ ‘లూపిన్’ రివ్యూ: నెట్‌ఫ్లిక్స్‌లో ఏ ఆడియో పెట్టుకుని చూడాలి, ఎందుకు

ముందు పేరు సంగతి. ఈ ఫ్రెంచి సిరీస్ హీరో ఇంటిపేరును మనవాళ్లు చాలామంది ‘సై’ అని చదువుతారు, అది ‘సీ’. ఒమర్ సీ. సిరీస్ పేరు కూడా ఫ్రెంచివాళ్ల నోట ‘లూపిన్’ కాదు. చివరి నకారం పలకకుండా ముక్కులోంచి ‘ల్యుపేఁ’ అంటారు. మన దగ్గర లూపిన్ అనే స్థిరపడింది కాబట్టి ఇక్కడా అలాగే రాస్తున్నాం.

నెట్‌ఫ్లిక్స్‌లో 2023 వరకు మూడు భాగాలు, మొత్తం 17 ఎపిసోడ్లు వచ్చాయి. మొదటి భాగం 2021 జనవరి 8న వచ్చింది, 5 ఎపిసోడ్లు. రెండోది అదే ఏడాది జూన్ 11న, ఇంకో 5. మూడోది 2023 అక్టోబరు 5న, 7 ఎపిసోడ్లు. కథ గురించి రివ్యూలు కోకొల్లలు. వాటిలో ఎక్కువ వాటికి పట్టని ముఖ్యమైన విషయం ఒకటుంది. ఈ సిరీస్‌ను డబ్బింగ్‌లో చూస్తే చేతికి వచ్చేది సగం సరుకే. ఒమర్ సీ నటన ముఖంలో ఎంత ఉందో గొంతులో అంతకన్నా ఎక్కువ ఉంది. ఆ గొంతు తీసేసి వేరొకరి గొంతు పెడితే మిగిలేది పొడుగాటి అందమైన మనిషి, నాలుగు దొంగతనాలు.

ఎందుకంత గట్టిగా అంటున్నామో తెలియాలంటే ఆయన ఎక్కణ్ణుంచి వచ్చాడో చూడాలి. 1978లో పారిస్ శివారు ట్రాప్‌లో పుట్టాడు. తండ్రిది సెనెగల్, తల్లిది మారిటానియా, ఇంట్లో మాట్లాడుకునేది పశ్చిమ ఆఫ్రికా భాష పులార్. వీధిలోనూ బడిలోనూ ఫ్రెంచి. ఆయన మొదట సినిమా నటుడు కాదు, రేడియో మనిషి. అదే ట్రాప్‌కు చెందిన హాస్యనటుడు జమెల్ దెబ్బూజ్ ద్వారా 1990ల చివర్లో రేడియో నోవాలో చేరాడు. అక్కడే ఫ్రెడ్ టెస్టోతో జోడీ కుదిరింది. తర్వాత కెనాల్ ప్లస్ చానెల్లో 2005 నుంచి 2012 దాకా ఇద్దరూ కలిసి కస్టమర్ కేర్ ఫోన్ సంభాషణల రూపంలో చిన్న చిన్న హాస్య ముక్కలు చేశారు. ఒక్కో ఫోన్ కాల్‌కు ఒక్కో పాత్ర, ఒక్కో యాస, ఒక్కో గొంతు. రెండు నిమిషాల్లో మనిషిని నిలబెట్టి, మరుసటి రోజు ఇంకో మనిషిని తేవాలి. ఏళ్ల తరబడి చేసిన ఈ పనే లూపిన్‌లో ఆయన పాత్ర, దొంగ అసన్ డియోప్ వేసే వేషాలకు పునాది. సిరీస్‌లో గడ్డాలూ కళ్లజోళ్లూ ఉన్న మాట నిజమే, కానీ అసలు వేషం మాటతీరు.

మొదటి ఎపిసోడ్‌లోనే రెండు చోట్ల ఆగి వినండి. లూవ్ర్ మ్యూజియంలో రాత్రిపూట నేల తుడిచే కార్మికుడిగా ఉన్నప్పుడు అసన్ మాట చిన్నది, కిందికి వాలినది. పలకాల్సిన అక్షరాల్లో కొన్ని మింగేస్తాడు. ‘నాకు తెలీదు’ అనడానికి ఫ్రెంచి పుస్తకాల్లో నాలుగు పదాలు ఉంటాయి, వీధి ఫ్రెంచిలో అవి రెండు ముక్కలై ‘షే పా’ అవుతాయి. అదే మనిషి పాల్ సెర్నీన్ అనే ధనవంతుడిగా వేలంపాటకు వచ్చినప్పుడు వాక్యం పూర్తవుతుంది, ప్రతి హల్లూ తేటగా వినపడుతుంది, వేగం తగ్గుతుంది. ఫ్రెంచి రాకపోయినా ఈ తేడా చెవికి తెలుస్తుంది. ఆయన ఏ పెద్దమనిషి బడిలోనో నేర్చుకున్నట్టు నమ్మేస్తాం. ఇంగ్లిష్ డబ్బింగ్‌లో రెండు చోట్లా గొంతు ఇంచుమించు ఒకే ఎత్తులో నడుస్తుంది. దొంగ బట్టలు మార్చుకున్నాడని తెలుస్తుంది గాని మనిషి మారాడని అనిపించదు. అన్నట్టు పాల్ సెర్నీన్ అనే పేరులోని అక్షరాలను ఫ్రెంచి స్పెల్లింగ్‌లో తిరగేసి పేరిస్తే ఆర్సేన్ లూపిన్ అవుతుంది. మోరిస్ లబ్లాఁ 1905లో మొదలుపెట్టిన మూల కథల్లో పెద్దమనిషి దొంగ లూపిన్ వాడుకున్న మారుపేరే ఇది.

రెండో సంగతి తెలుగువాళ్లకు మరీ దగ్గరిది. ఫ్రెంచిలో మనలాగే ‘నువ్వు’, ‘మీరు’ ఉన్నాయి: ‘త్యూ’, ‘వూ’. ఇంగ్లిష్ సబ్‌టైటిల్లో రెండూ ‘యూ’ అయిపోతాయి. తన కొడుకు తల్లి క్లేర్‌తో, స్నేహితుడు బెంజమిన్‌తో అసన్ ‘త్యూ’ అంటాడు. వేషంలో పెద్దింటి వాళ్లతో ‘వూ’. మనకు ‘మీరు’ అంటే మర్యాద, కొన్నిచోట్ల దూరం కూడా. ఫ్రెంచివాళ్లకూ అంతే. ముక్కూ మొహం తెలియని కుర్రాడిని పోలీసు ‘నువ్వు’ అంటే మన దగ్గర ఎలా గుచ్చుకుంటుందో, పారిస్ శివారు కుర్రాళ్లకు పోలీసుల నోట ‘త్యూ’ అలాగే గుచ్చుకుంటుంది. అక్కడ అదొక పాత ఫిర్యాదు. ఈ సిరీస్ మొత్తం ‘నన్ను చూశారు గాని గమనించలేదు’ అనే అవమానం మీద నడుస్తుంది కాబట్టి, ఎవరు ఎవర్ని ఎలా పిలుస్తున్నారో వినడం కథ వినడమే. చేయాల్సిందల్లా ఒకటే: సబ్‌టైటిల్ చదువుతూ చెవిని ఆ రెండు చిన్న మాటల మీద పెట్టండి. రెండు ఎపిసోడ్లలో అలవాటైపోతుంది. ఇంగ్లిష్ మాత్రమే మాతృభాషగా ఉన్న ప్రేక్షకుడికి ఈ తేడా విడమరిచి చెప్పాలి, మనకు అక్కర్లేదు.

మూడోది వెర్లాన్. పదంలోని అక్షరాలను వెనక్కి తిప్పి పలికే కుర్రకారు యాస. ‘ఫామ్’ (స్త్రీ) తిరగబడి ‘మఫ్’ అవుతుంది, ‘ఫూ’ (పిచ్చి) ‘ఊఫ్’ అవుతుంది, ‘లూష్’ (అనుమానాస్పదం) ‘షలూ’ అవుతుంది. మన పిల్లలు పెద్దవాళ్లకు అర్థం కాకుండా ప్రతి అక్షరానికీ ‘క’ తగిలించి మాట్లాడుకునే క భాషలాంటిదే. తేడా ఏమిటంటే వెర్లాన్ పెద్దయ్యాక కూడా నోట మిగిలిపోయి మామూలు భాషలో కలిసిపోయింది. మొదటి ఎపిసోడ్‌లో అప్పులిచ్చే రౌడీలతో అసన్ మాట్లాడే చోట ఈ వీధి భాష వాసన బాగా తగులుతుంది. సబ్‌టైటిల్లో అది ఉత్త ఇంగ్లిష్.

సబ్‌టైటిల్ రాసేవాళ్లను పూర్తిగా తప్పు పట్టలేం. నెట్‌ఫ్లిక్స్ నియమం ప్రకారం ఇంగ్లిష్ సబ్‌టైటిల్ వరసకు 42 అక్షరాలకు మించకూడదు, ఒకేసారి రెండు వరసలే, అదీ ఏడు సెకన్లకు మించి తెర మీద ఉండకూడదు. గబగబా మాట్లాడే మనిషి మాట ఈ పెట్టెలో పట్టదు. ముందు యాస పోతుంది, తర్వాత తిట్లు మెత్తబడతాయి, ఆ తర్వాత మాటలోని వెటకారం పోతుంది. అందుకే గొంతు వింటూ చదవాలి.

ఇప్పుడు సెట్టింగులు. ఎక్కువ మంది దెబ్బతినేది ఇక్కడే.

ఎపిసోడ్ మొదలుపెట్టగానే మీ ప్రొఫైల్ భాషను బట్టి యాప్ తనంతట తానే డబ్బింగ్ ట్రాక్ ఎంచుకోవచ్చు. పెదవులకూ మాటకూ పొంతన లేకపోతే అదే జరిగిందని అర్థం. ఫోన్‌లో తెరను ఒకసారి తాకండి, అడుగున ‘ఆడియో అండ్ సబ్‌టైటిల్స్’ వస్తుంది. కంప్యూటర్‌లో కుడివైపు మాట బుడగ గుర్తు. టీవీలో రిమోట్ పైబాణం గాని కిందిబాణం గాని నొక్కితే కనిపిస్తుంది. ఆడియోలో ‘ఫ్రెంచ్’ పక్కన ‘ఒరిజినల్’ అని ఉన్నదాన్ని ఎంచుకోండి. దాని దగ్గర్లోనే ‘ఆడియో డిస్క్రిప్షన్’ అని ఇంకో ఫ్రెంచి ట్రాక్ ఉండొచ్చు. అది చూపులేని వారి కోసం దృశ్యాన్ని గొంతుతో వర్ణించే ట్రాక్. పొరపాటున అది పెట్టుకుంటే మాటల మధ్య ఎవరో వ్యాఖ్యానం చెబుతున్నట్టు వినపడుతుంది.

సబ్‌టైటిళ్లలో ఇంకా పెద్ద గుంట ఉంది. జాబితాలో ‘ఇంగ్లిష్’, ‘ఇంగ్లిష్ సీసీ’ అని రెండు కనిపిస్తే సీసీ (వినపడనివారి కోసం శబ్దాలు కూడా రాసే ట్రాక్) ఉన్నది వద్దు. సాధారణంగా ఆ సీసీ ట్రాక్‌ను ఇంగ్లిష్ డబ్బింగ్ విని రాస్తారు. డబ్బింగ్ రచయిత పెదవుల కదలికకు తగ్గట్టు మాటలు మారుస్తాడు. తెర మీద పెదాలు మూసుకుంటే ప, బ, మ లాంటి అక్షరం వెతుక్కోవాలి, వాక్యం పొడుగు కూడా సరిపోవాలి. అందుకోసం అర్థం కొంత జరుగుతుంది. ఆ జరిగిన అర్థాన్ని మీరు ఫ్రెంచి గొంతు కింద చదువుతారు. గుర్తుపట్టడం తేలికే: చదరపు బ్రాకెట్లలో ‘తలుపు చప్పుడు’, ‘సంగీతం’ వంటివి కనబడినా, నటుడు నోరు మూశాక కూడా వాక్యం మిగిలినా అది డబ్బింగ్ రాత. సీసీ లేని ఇంగ్లిష్ నేరుగా ఫ్రెంచి నుంచి అనువదించినది.

కావలసిన భాష జాబితాలో లేకపోతే సిరీస్‌లో లేదని అనుకోకండి. కొన్ని పరికరాల్లో మీ ప్రాంతాన్నీ ప్రొఫైల్ భాషనూ బట్టి కొన్ని భాషలే కనిపించవచ్చు. బ్రౌజర్‌లో అకౌంట్‌లోకి వెళ్లి మీ ప్రొఫైల్ తెరిచి, భాషల విభాగంలో ‘షోస్ అండ్ మూవీస్’ కింద ఫ్రెంచి టిక్ పెట్టి సేవ్ చేయండి. యాప్ మూసి మళ్లీ తెరవండి. ఎపిసోడ్లు డౌన్‌లోడ్ చేసుకునేవాళ్లు ఈ పని ముందే చేసుకోవాలి. డౌన్‌లోడ్ ఫైల్‌లో అన్ని భాషలూ రావు, ప్రయాణంలో నెట్ లేనప్పుడు మార్చుకోవడం కుదరకపోవచ్చు.

ధ్వని గురించి ఒక్క మాట. టీవీకి విడిగా స్పీకర్లు లేకపోతే ‘5.1’ అని రాసి ఉన్న ట్రాక్ వద్దు. మాటలు మధ్య స్పీకర్ కోసం కలిపి ఉంటాయి, రెండే స్పీకర్లున్న టీవీలో సంగీతం పైకి లేచి మాట కిందికి పోతుంది. 5.1 లేని ట్రాక్ పెట్టండి. గుసగుసగా మాట్లాడే సీన్లు ఈ సిరీస్‌లో చాలా ఉన్నాయి, వాటిలోనే గొంతు పనితనం ఉంది. వేగం 1.25కు పెంచి చూసే అలవాటున్నవాళ్లు దీని వరకు మానుకోండి. పాత్ర మారినప్పుడు ఆయన మార్చేది ముఖ్యంగా వేగాన్నే.

ప్లాన్ సంగతి. 2021 డిసెంబరులో ఇండియాలో ధరలు తగ్గించినప్పుడు నెలకు మొబైల్ 149, బేసిక్ 199, స్టాండర్డ్ 499, ప్రీమియం 649 రూపాయలు పెట్టారు. మొబైల్ ప్లాన్ ఫోన్, టాబ్లెట్‌లకే, 480పి నాణ్యతతో. ఈ సిరీస్‌కు అది చాలు అనలేం. రాత్రి సీన్లలో చీకటి ముద్దగా కనిపిస్తుంది, సబ్‌టైటిల్ కోసం కళ్లు చికిలించాలి. అకౌంట్‌లో ‘సబ్‌టైటిల్ అప్పియరెన్స్’ తెరిచి అక్షరం సైజు పెంచి, వెనక నీడ పెట్టుకుంటే కొంత నయం. ఒక్క నెలకు పెద్ద ప్లాన్ తీసుకుని 17 ఎపిసోడ్లూ పూర్తిచేసి ఆపేయడం తెలివైన పని.

సిరీస్‌గా దీని బలం మొదటి భాగం. మొదటి మూడు ఎపిసోడ్లు లూయీ లెటరియే దర్శకత్వం. అక్కడ కథ బిగువుగా, పారిస్ మెరుపుగా ఉంటుంది. అసన్ తండ్రి బాబాకార్‌గా ఫార్గాస్ అసాండే నెమ్మదైన, తూచి పలికే ఫ్రెంచి వినండి. పరాయి దేశంలో తప్పు మాట్లాడకూడదని జాగ్రత్తపడే మనిషి గొంతు అది. కొడుకు అలవోకగా గొంతులు మార్చేస్తుంటే తండ్రికి ఒక్క గొంతే, అదీ జాగ్రత్తగా. ఈ పోలిక డబ్బింగ్‌లో మాయం. రెండో భాగం పరుగు ఎక్కువ, లాజిక్ తక్కువ. మూడో భాగానికి రెండు ఎపిసోడ్లు ఎక్కువే అనిపిస్తాయి. పోలీసులు మరీ తేలిగ్గా మోసపోతారు, దొంగతనం ఎలా చేశాడో వెనక్కి వెళ్లి చూపించే పద్ధతి మూడోసారికి ముందే పసిగట్టేస్తాం. అయినా లూపిన్ పుస్తకాల పిచ్చి ఉన్న పోలీసు గెదిరాగా సుఫియాన్ గెరాబ్ చివరిదాకా హాయిగా ఉంటాడు. 2022 గోల్డెన్ గ్లోబ్స్‌కు సిరీసూ ఒమర్ సీ ఇద్దరూ నామినేట్ అయ్యారు. ఒక ఫ్రెంచి సిరీస్‌కు అది చిన్న విషయం కాదు.

లూపిన్ నచ్చితే తర్వాత ఏం చూడాలి? ఇక్కడ ఆయన భాషలన్నీ పక్కపక్కన పెట్టి చూడాలి. ఏ భాషలో ఏ మనిషి దొరుకుతాడో తెలుస్తుంది.

ఇంగ్లిష్‌లో దొరికేది తక్కువ. 2012లో ఆయన లాస్ ఏంజెలెస్‌కు మారాడు. 2014 ఎక్స్-మెన్ సినిమాలో బిషప్‌గా కనిపించాడు, మాటలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. 2015 జురాసిక్ వరల్డ్‌లో రాప్టర్లను చూసుకునే బారీ, 2022లో మళ్లీ అదే పాత్ర. 2020లో ద కాల్ ఆఫ్ ద వైల్డ్‌లో కుక్కలబండి మీద ఉత్తరాలు మోసే పెరో. అన్నీ మర్యాదైన పాత్రలే, అన్నీ పక్క పాత్రలే. ఆయన ఇంగ్లిష్ స్పష్టంగానే ఉంటుంది, కానీ అందులో ఒక్క గొంతే ఉంది. ఫ్రెంచిలో పది మందైన నటుడు ఇంగ్లిష్‌లో ఒక్కడే. హాలీవుడ్ ఆయన నవ్వునూ ఎత్తునూ కొనుక్కుంది, చెవిని కొనుక్కోలేదు. ఆ ఇంగ్లిష్ పాత్రల కోసమే ఆయన్ను వెతుక్కోనక్కర్లేదు.

దీనికి తమాషా అయిన ఎదురు బొమ్మ 2016 డిసెంబరులో వచ్చిన ఫ్రెంచి సినిమా దమాఁ టూ కొమాన్స్. అందులో ఆయన ఎనిమిదేళ్లు లండన్‌లో ఉండి కూడా ఇంగ్లిష్ నేర్చుకోని తండ్రి, కూతురే నాన్నకు దుబాసీ. అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో స్థిరపడిన కొడుకు దగ్గరికి వెళ్లి, మనవరాలు పలికితేనే కొట్లో పని జరిగే తెలుగు తాతయ్యలకు ఇది చూపించండి. ఒక్క హెచ్చరిక, చివర ఏడిపిస్తుంది. దీన్ని మాత్రం పొరపాటున కూడా డబ్బింగ్‌లో చూడొద్దు. రెండు భాషలూ ఒకటే అయిపోతే కూతురు ఎందుకు అనువదిస్తోందో అర్థం కాదు.

అన్నిటికన్నా గొప్పది తిరాయర్. మాత్యూ వాద్పియే దర్శకుడు. 2022 కాన్ సినిమా ఉత్సవంలో ‘అన్ సెర్టెన్ రిగార్డ్’ విభాగాన్ని ఆరంభించింది, ఫ్రాన్స్‌లో 2023 జనవరి 4న విడుదలైంది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రెంచి సైన్యం సెనెగల్ నుంచి బలవంతంగా పట్టుకుపోయిన కొడుకును కాపాడుకోవడానికి తండ్రి తానూ సైన్యంలో చేరతాడు. తండ్రికి ఫ్రెంచి రాదు, కొడుకుకు వచ్చు. ఆ భాష వచ్చినందుకే కొడుక్కి పదవి వస్తుంది, తండ్రి మీద అధికారం వస్తుంది. ఒమర్ సీ దాదాపు సినిమా అంతా పులార్‌లోనే మాట్లాడాడు, నిర్మాణంలోనూ చేయి వేశాడు. ఫ్రాన్స్‌లో అంత పేరున్న నటుడు ఫ్రెంచి సినిమాలో ఫ్రెంచి పలకకుండా నటించడం చిన్న నిర్ణయం కాదు. లూపిన్‌లో గారడీ చేసే గొంతు ఇందులో బరువుగా, నెమ్మదిగా, అమ్మానాన్నల గొంతులా ఉంటుంది. దీనికి సబ్‌టైటిళ్లు ఆఫ్‌లో ఉంచితే పులార్ భాగాల అనువాదం కొన్ని యాప్‌లలో రాదు. మొదటి ఐదు నిమిషాల్లో తెర కింద రాత లేకపోతే ఆపి సరిచూసుకోండి.

ఇక మనందరికీ తెలిసిన కథ. 2011 నవంబరు 2న వచ్చిన అంతూషాబ్ల్, మన ఊపిరికి మాతృక. ఫ్రాన్స్‌లో 1 కోటి 90 లక్షలకు పైగా టికెట్లు తెగాయి. దానికే 2012లో ఒమర్ సీకి ఉత్తమ నటుడిగా ఫ్రెంచి సినిమా బహుమతి సెజార్ వచ్చింది, ఆ బహుమతి అందుకున్న తొలి నల్లజాతి నటుడు ఆయనే. వంశీ పైడిపల్లి 2016 మార్చి 25న తెలుగులో ఊపిరిగా, తమిళంలో తోళాగా తెచ్చారు, నాగార్జున, కార్తీలతో. ఊపిరి చూసి అసలుది చూడనివాళ్లు తప్పక చూడాలి. మన శీను పెరోల్ మీద బయటికొచ్చి మంచి నడవడిక చూపించుకోవాలి. అక్కడి డ్రిస్‌కు ఉద్యోగమే అక్కర్లేదు, పనికి వచ్చి అడిగినట్టు కాగితం మీద సంతకం పడితే నిరుద్యోగ భృతి వస్తుంది, అంతే. ఈ చిన్న తేడాతో పాత్ర మాటతీరే మారిపోయింది. డ్రిస్ ఎవరినీ మెప్పించాల్సిన పనిలేని మనిషి, అందుకే ఆ ఎకసెక్కం అంత స్వేచ్ఛగా ఉంటుంది. కార్తీ తమిళుడై ఉండీ తన తెలుగు తానే చెప్పుకున్నాడు. ఆ మాటలో ఉన్న కొద్దిపాటి పరాయితనమే శీనుకు ప్రాణం పోసింది. వేరే గొంతు పెట్టి ఉంటే శీను ఎలా ఉండేవాడో ఒక్క నిమిషం ఊహించుకోండి. లూపిన్ ఇంగ్లిష్ డబ్బింగ్‌లో పోయేది సరిగ్గా అదే.

ఫ్రెంచి నేర్చుకుంటున్నవాళ్లకు, హైదరాబాద్ అలియాన్స్ ఫ్రాన్సేజ్‌లో ఎ2 (ఆరంభ స్థాయిల్లో రెండోది) దాటినవాళ్లకు ఒక పద్ధతి. ఎపిసోడ్ మొత్తం ఒకసారి ఇంగ్లిష్ సబ్‌టైటిల్‌తో చూడండి. తర్వాత అందులోంచి పది నిమిషాల ముక్క ఎంచుకుని ఫ్రెంచి సబ్‌టైటిల్‌తో, మూడోసారి ఏ రాతా లేకుండా. కంప్యూటర్‌లో క్రోమ్ వాడితే లాంగ్వేజ్ రియాక్టర్ అనే ఎక్స్‌టెన్షన్ రెండు భాషల సబ్‌టైటిళ్లూ ఒకేసారి చూపిస్తుంది. మొదటి భాగంలో వేలంపాట సీన్‌తో మొదలుపెట్టండి, పాల్ సెర్నీన్ మీకోసమే అన్నట్టు నెమ్మదిగా మాట్లాడతాడు. అప్పులవాళ్ల సీన్ ఆఖరుకు ఉంచుకోండి, అది ఇంకా పై స్థాయి బి2 వాళ్లకూ గట్టి పరీక్షే.